మూడో కొటేషన్

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు, అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల గుట్టల మధ్య బిచ్చయ్య చనిపోయాడు.

ఇళ్లకు దొంగల అలారంలు అమ్మే చిన్న కంపెనీలో అతను సేల్స్‌మన్. భుజానికి డెమో పెట్టె తగిలించుకుని, కూతురి కోసం ఒక అట్లాసు తిరగేస్తున్నాడు. వెనక నిలబడ్డ మనిషి చేతిలో సైలెన్సర్ పిస్టల్ రెండుసార్లు దగ్గింది. మొదటి గుండు మెడలో దూరి గొంతులోంచి బయటికొచ్చింది. రెండోది డెమో పెట్టెకు తగిలింది. పెట్టెలో సైరన్ మోగడం మొదలుపెట్టింది.

నూట ఇరవై డెసిబెల్స్. దొంగ గుండె ఆగిపోతుందని కంపెనీ బ్రోచర్‌లో రాసి ఉంటుంది. అబిడ్స్ మొత్తానికి వినిపించింది గానీ ఒక్కడూ పరుగెత్తి రాలేదు.

"ఎవనిదో బండి అలారం," అన్నాడు పుస్తకాలమ్మేవాడు తలెత్తకుండానే. నెత్తురు అట్లాసు మీదుగా పారి అతని గోనెపట్టా తడిసిన తర్వాతే లేచి చూశాడు.

అది 1997.

* * *

"మొదటివాడు గురువారం గౌలిగూడలో బస్సు కింద పడ్డాడు. వాడంతట వాడే పడ్డాడని అనుకున్నాం. రెండోవాడు మొన్న అబిడ్స్‌లో పోయాడు. మూడోవాడివి నువ్వు," అన్నాడు చీఫ్ రామచందర్.

మంగళవారం పొద్దున. అబిడ్స్‌లో చెప్పుల షాపు పైన, బయట 'ట్యాక్స్ కన్సల్టెంట్' అని బోర్డున్న గది. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ ఇంద్రసేన. డిపార్ట్‌మెంట్‌లో అతని నెంబరు పదిహేడు. అతనికి ముందున్న పదహారు నెంబర్లవాళ్లలో ఇంకా బతికున్నవాళ్లు నలుగురే.

"విషయం?"

"హెన్రీ గారని మన రిటైర్డ్ సైఫర్ ఆఫీసర్, రహస్య లిపుల మనిషి. నాంపల్లిలో ఇల్లు. కొత్త కోడ్‌బుక్ తయారుచేస్తున్నాడు. సరిహద్దు అవతల ఉన్న మనవాళ్లు ఏడుగురి అసలు పేర్లు అందులో ఉన్నాయి. ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టుకున్నాడు. బలవంతంగా తెరిస్తే లోపల యాసిడ్ పగిలి అంతా మసైపోతుంది. నెంబరు తెలిసినవాడే తెరవాలి."

"కాపలా?"

"వద్దన్నాడు. గుమ్మం ముందు పోలీసును నిలబెడితే లోపల ఏదో ఉందని బోర్డు కట్టినట్టేనట. అలారం పెట్టించుకుంటానన్నాడు. డిపార్ట్‌మెంట్ డబ్బు కాబట్టి పద్ధతి ప్రకారం కొటేషన్లు పిలిచాడు. అవతలి ముఠా తన మనుషులతో ఒక కంపెనీ తెరిచింది. వాళ్ల సెన్సార్‌లో సూదిమొనంత కెమెరా ఉంటుంది. హెన్రీ గారు ఇనప్పెట్టె తాళం చక్రం తిప్పుతుంటే నెంబరు చూస్తుంది. పోటీ కంపెనీలవాళ్లను చంపేస్తున్నారు."

"ఆ కంపెనీ పేరు తెలిసినప్పుడు పట్టుకోవచ్చుగా?"

"కొమ్మ దొరుకుతుంది, వేరు దొరకదు. బిచ్చయ్యను కాల్చినవాడు కావాలి. కంపెనీలో సేల్స్ ఇంజనీర్‌గా ఉన్న ఏంజెలీనా మన మనిషే. ముఠా ఆమెను నమ్ముతోంది. మనమూ నమ్ముతున్నాం."

ఇంద్రసేన లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ ఏడుగురిలో అంజన్ ఉన్నాడా సార్?"

రామచందర్ ఫైలు మూసేశాడు. అంజన్ ఇంద్రసేన సొంత తమ్ముడు. మూడేళ్లుగా ఉత్తరం లేదు.

"నాలుగో పేరు," అన్నాడు.

* * *

నాంపల్లి స్టేషన్ వెనక, రైలు కూతకు కిటికీ అద్దాలు వణికే దూరంలో ఉంది హెన్రీ గారిల్లు. పాతకాలపు పెంకుటిల్లు. ఇంద్రసేన టై కట్టి, పలచటి మీసం అంటించుకుని, డెమో పెట్టెతో వెళ్లాడు. పెట్టెలో సైరన్ కింద రివాల్వర్ ఉంది. సైరన్ మోగించే రిమోట్ జేబులో ఉంది.

హెన్రీ గారు మెదక్ మిషన్ కాంపౌండ్‌లో పుట్టి, ఢిల్లీలో ముప్పై ఏళ్లు శత్రువుల అక్షరాలు విప్పి వచ్చిన మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, సెన్సార్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కరెంటు పోతే గిది మోగుతదా బాబు?"

"బ్యాటరీ ఉంది సార్. ఆరు గంటలు పనిచేస్తుంది."

"ముంగట బల్లి పాకితే?"

ఇంద్రసేన తడబడ్డాడు. పిస్టల్ ముందు నిలబడ్డప్పుడు కూడా ఇంత ఇబ్బంది పడలేదు. "మోగొచ్చు సార్."

"అయితే మా ఇంట్ల పొద్దుమూకులు మోగుతనే ఉంటది," అంది టీ తెచ్చిన బెత్సీ గారు, హెన్రీ గారి భార్య.

"సరే, మోగింది. వచ్చేదెవరు?"

"పక్కింటివాళ్లు వస్తారు సార్."

"పక్కింట్ల బుజ్జమ్మ ఉంటది. టీవీ ముంగట కూసుంటే పిడుగు పడ్డా లేవదు." హెన్రీ గారు టీ చప్పరించాడు. "ఎట్లున్నా గురువారం పదకొండు గంటలకు సీల్డ్ కవర్ల కొటేషన్ తీసుకరా. నిన్న తెరుద్దామంటే ఒక్కటే కవరొచ్చింది. సింగిల్ టెండర్ నేను ఒప్పుకోను. రూలంటే రూలే. మూడు ఉండాలె. క్యాన్సిల్ చేసి మళ్ల పిలిచిన."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు సార్?"

"ఎవలికి తెలుస్తది? ఆ ఒక్క కవరు తెచ్చిన పిల్లకే పొద్దుగాల ఫోన్ల చెప్పిన."

గేటు దగ్గర ఆ 'పిల్ల' ఎదురొచ్చింది. కైనెటిక్ హోండా, నల్ల కళ్లద్దాలు, ఆకాశం రంగు చీర. వీధిలో ఉన్న ఆటోవాళ్లందరూ మీటర్లు మరిచిపోయి చూస్తున్నారు.

"మీ సైరన్ ఎంత దూరం వినిపిస్తుంది?" అంది ఏంజెలీనా.

"ఖైరతాబాద్ గణపతి చెవులు మూసుకునేంత," అన్నాడు ఇంద్రసేన. కోడ్ సరిపోయింది.

"గౌలిగూడలో పాత టైర్ల గోడౌన్. నాలుగు గంటలకు రండి," అని నవ్వి లోపలికి వెళ్లింది. "వందనాలు అంకుల్" అనే తియ్యటి గొంతు అతని వీపుకు వినిపించింది.

* * *

గోడౌన్‌లో ఏంజెలీనా ఇంకా రాలేదు. ఇద్దరు మనుషులు మాత్రం వచ్చారు.

మొదటివాడు మాట లేకుండా సైకిల్ చైను విసిరాడు. అది ఇంద్రసేన చెంప మీది చర్మాన్ని ఊడదీసింది, సగం మీసాన్ని కూడా. ఇంద్రసేన చైనును పట్టుకుని లాగి, ముందుకు తూలినవాడి మోకాలి మీద బూటుతో తన్నాడు. ఎముక పచ్చి కట్టెలా విరిగింది. రెండోవాడు వెనక నుంచి కత్తి దించాడు. పక్కటెముక మీద గీసుకుపోయింది. ఇద్దరూ టైర్ల మీద పడి దొర్లారు. వాడి బొటనవేలు ఇంద్రసేన కంట్లో దిగబోతుండగా, ఇంద్రసేన చేతికి లారీ టైర్లు విప్పే ఇనప కడ్డీ తగిలింది. మూడు దెబ్బలు కొట్టాడు. మూడో దెబ్బకు కొట్టడానికి ముఖం మిగల్లేదు.

మోకాలు విరిగినవాడు ఈలోగా పడిపోయిన కత్తి అందుకుని పాకుతూ వచ్చాడు. ఇంద్రసేన చైనును వాడి మెడకు చుట్టి, ఊపిరి ఆగేదాకా వదల్లేదు.

అప్పుడు ముఖం లేనివాడి నడుము దగ్గర పేజర్ కుయ్‌మంది.

ఇంద్రసేన నెత్తురు తుడిచి చదివాడు. "మూడోవాణ్ని చంపొద్దు. మూడు కొటేషన్లు కావాలి."

అతను అక్కడే ఒక టైరు మీద కూలబడ్డాడు. అలారం అమ్మేవాళ్లను కనిపించినచోట చంపమని వీళ్లకు ఎప్పటి నుంచో ఉన్న ఆర్డరు. కొత్త ఆర్డరు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మూడు కొటేషన్లు లేకపోతే ముసలాయన ఒప్పుకోడని లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు తను. రెండో మనిషి తనను ఇక్కడికి రమ్మంది.

శవాలను టైర్ల వెనక్కి లాగేసి, మొహం కడుక్కుని బయట నిలబడ్డాడు. పావుగంటకు ఏంజెలీనా వచ్చింది. అతను బతికి ఉండడం చూసి ఆమె మొహంలో నిజంగానే ఊరట కనిపించింది. అది ప్రేమ కాదని తెలిసినా, ఒక్క క్షణం ఇంద్రసేనకు బాగానే అనిపించింది. మగబుద్ధి.

"దెబ్బలేంటి?"

"ఆటో తిరగబడింది."

ఆమె బ్యాగులోంచి సీలు వేసిన కవరు తీసింది. "మీ కంపెనీ పేరు మీద నేనే టైపు చేయించాను. రేటు ఎక్కువ వేశాను. టెండర్ నాకే రావాలి. అప్పుడే ముఠా అంతా బయటపడుతుంది. రెండో కంపెనీ తరఫున జగన్మోహనరావని ఒకడు వస్తాడు. మీరు పట్టించుకోకండి."

"బిచ్చయ్యను కాల్చింది అతనేనా?"

"అవును."

దొంగ చేతికి తాళాలిచ్చి రామచందర్ నిద్రపోతున్నాడు. ఇంద్రసేన కవరు జేబులో పెట్టుకుని, పబ్లిక్ ఫోన్ నుంచి చీఫ్‌ను నిద్ర లేపాడు. గురువారం పదకొండుకల్లా ఇంటి చుట్టూ మనుషులు ఉండాలి.

* * *

గురువారం పదకొండు గంటలకు ఇంటి చుట్టూ ఎవరూ లేరు. నాంపల్లి రోడ్డు మీద లారీ అడ్డం పడి, చీఫ్ జీపులు రెండూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి.

ముందుగదిలో హెన్రీ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వెనక మూలన ఇనప్పెట్టె ఉంది. బెత్సీ గారు టీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి ఏంజెలీనా పక్కనే నిలబడింది. ఏంజెలీనా ఒక కుర్చీలో, సఫారీ సూట్‌లో లావుపాటి జగన్మోహనరావు ఇంకో కుర్చీలో, చెంపకు ప్లాస్టర్‌తో ఇంద్రసేన మూడోదాంట్లో కూర్చున్నారు.

"ప్రార్థన చేసుకుందాం," అన్నాడు హెన్రీ గారు. ఏ టెండరైనా ప్రార్థన లేకుండా ఆయన తెరవడు.

అందరూ కళ్లు మూసుకున్నారు. ఇంద్రసేన ఒక కన్ను తెరిచాడు. ఏంజెలీనా రెండు కళ్లతో ఇనప్పెట్టెను చూస్తోంది.

ఆమేన్ అయ్యాక హెన్రీ గారు మూడు కవర్లు కోసి, మూడు కాగితాలు పక్కపక్కన పరిచాడు. రేట్లు చూడలేదు. భూతద్దం తీసి అక్షరాలు చూడసాగాడు. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మూడు కంపెనీలు. టైపు మిషన్ మాత్రం ఒక్కటే. ఇంగ్లీషు 'ఇ' అక్షరం మూడింట్ల గూడ పైన సగం ఇరిగింది," అన్నాడు తాపీగా. "ముప్పై ఏండ్లు గిదే చూసిన బిడ్డా. ముగ్గురు కుమ్మక్కయిన్రు. టెండర్ క్యాన్సిల్."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. విరిగిన టైపు మిషన్ పట్టేసింది.

ఏంజెలీనా నిట్టూర్చింది. మరుక్షణం ఆమె చేతిలో చిన్న పిస్టల్, దాని మొన బెత్సీ గారి కణత మీద. జగన్మోహనరావు సైలెన్సర్ ఇంద్రసేన వైపు తిరిగింది. వాడి బూటుకాలు ఇంద్రసేన పక్కనున్న డెమో పెట్టెను తన వైపు లాగి, దాని మీదే ఆనింది.

"పెట్టె తెరవండి అంకుల్. పది నుంచి వెనక్కి లెక్కపెడతాను."

"తెరవకుండ్రి," అంది బెత్సీ గారు. ఏంజెలీనా పిస్టల్ మడమతో ఆమె నుదుటి మీద కొట్టింది. తెల్లచీర మీద ఎర్రటి చారిక దిగింది.

హెన్రీ గారు భార్య వంక చూశాడు. నలభై మూడేళ్ల కాపురం. ఆయన లేచి వెళ్లి ఇనప్పెట్టె చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. ఏంజెలీనా "మూడు... రెండు..." అనేలోగా తలుపు తెరుచుకుంది. ఏంజెలీనా నల్ల అట్ట కోడ్‌బుక్ లాక్కుంది. అంజన్ ప్రాణం ఇప్పుడు ఆమె చంకలో ఉంది.

"ముగ్గుర్నీ కాల్చెయ్యి," అంది.

ఇంద్రసేన జేబులో రిమోట్ నొక్కాడు.

జగన్మోహనరావు కాలి కింద సైరన్ పేలింది. గదిలో నూట ఇరవై డెసిబెల్స్ అంటే ఏమిటో బ్రోచర్ రాసినవాడికి కూడా తెలిసి ఉండదు. వాడు ఎగిరిపడి కాల్చాడు. గుండు ఇంద్రసేన ఎడమ భుజంలో దిగింది. బెత్సీ గారు చేతికందిన టీ ఫ్లాస్కు విప్పి ఏంజెలీనా ముఖం మీద కుమ్మరించింది. ఏంజెలీనా కళ్లు మూసుకుని గుడ్డిగా గుమ్మం వైపు దూకింది. సరిగ్గా ఇంద్రసేన వెనక్కి వచ్చింది.

జగన్మోహనరావు మళ్లీ గురిపెట్టాడు. ఆమె "కాల్చకు" అని అరిచింది. పెదాలు కదలడం అందరికీ కనిపించింది, మాట ఎవరికీ వినపడలేదు. ఇంద్రసేన నేలకు అతుక్కున్నాడు. గుండు అతని జుట్టు మీదుగా వెళ్లి ఆమె గొంతు కింద దిగింది. కోడ్‌బుక్ గుండెకు హత్తుకునే కూలిపోయింది.

తను ఎవర్ని కాల్చాడో జగన్మోహనరావుకు అర్థమయ్యేలోగా ఇంద్రసేన లేచాడు. సెన్సార్లు బిగించే పొడుగు స్క్రూడ్రైవర్ జేబులో ఉంది. దాన్ని పిడి వరకు వాడి మెడలోకి దించాడు. బిచ్చయ్యకు గుండు తగిలిన చోటే.

* * *

సైరన్ ఇంకా అయిదు నిమిషాలు మోగింది. ఆ అయిదు నిమిషాల్లో వచ్చిన మనిషి ఒక్కతే. బుజ్జమ్మ గోడ మీది నుంచి తల పెట్టింది.

"గా మోత జర బంద్ చేయరాదు. సీరియల్ల ఒక్క ముక్క ఇనవడ్తలేదు," అని వెళ్లిపోయింది.

చీఫ్ జీపులు వచ్చేసరికి బెత్సీ గారు నుదుటికి గుడ్డ కట్టుకుని, ఇంద్రసేన భుజానికి తువ్వాలు బిగిస్తోంది. హెన్రీ గారు కోడ్‌బుక్ అట్ట తుడిచి, పేజీలు ఒక్కొక్కటే చూశాడు.

"పేర్లన్నీ బాగున్నాయా సార్?" అడిగాడు ఇంద్రసేన. "నాలుగోది?"

ఆయన కళ్లద్దాల పైనుంచి అతని ముఖాన్ని పరీక్షగా చూశాడు. "నువ్వెవలు బాబు, ఆ పిలగాని అన్నవా?"

ఇంద్రసేన తలూపాడు. అప్పటిదాకా రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. హెన్రీ గారు అతని తల మీద చెయ్యి పెట్టి, "మరక గూడ పడలే బిడ్డా," అన్నాడు.

స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే ఇంద్రసేన డెమో పెట్టె వైపు చూపించాడు. ఒక మూల సొట్టపోయింది గానీ దీపం ఇంకా వెలుగుతోంది. "ఇది ఉంచేసుకోండి సార్. పనిచేస్తుందని చూశారుగా."

"మంచిగనే చేస్తది," అన్నాడు హెన్రీ గారు. "గని ఇప్పుడు మిగిలింది నువ్వొక్కనివే. సింగిల్ టెండర్ నేను ఒప్పుకోను. దవాఖాన నుంచి వచ్చేటప్పుడు ఇంకో రెండు కొటేషన్లు పట్టుకరా."