బొమ్మ వచ్చిందా అక్కా

పెద్దక్క ఏ పనికీ వంక పెట్టకుండా వదిలే మనిషి కాదు. నలభై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కింది. కాలరు దారమంత పక్కకి పోయినా మొత్తం విప్పి మళ్ళీ కుట్టేది. చదువు సంతకం వరకే. అయినా కొలతలు ఎప్పుడూ రాసుకోలేదు, అన్నీ బుర్రలోనే. ఎవరు ఎప్పుడు ఏ మాటన్నారో అదీ బుర్రలోనే. పక్కింటామె ఇరవై ఏళ్ళ కిందట కత్తెర అడిగి తీసుకెళ్ళి మొద్దుబార్చి ఇచ్చింది. ఇప్పటికీ ఆవిడ ఎదురొస్తే పెద్దక్క వీధి మారుతుంది.

ఆ ఆదివారం సాయంత్రం పెద్దక్క తన చెల్లెలు చిట్టి ఇంట్లో, టీవీ మెకానిక్ నెత్తిన నిలబడి ఉంది.

"ఆ మరలెక్కడ పెట్టావు?"

"జేబులో ఉన్నాయమ్మా. ఆరూ."

"ఏడు తీశావు. చూస్తూనే ఉన్నాను."

మెకానిక్ నాలుక్కరుచుకుని కుర్చీ కింద వెతికాడు. ఏడోది దొరికింది.

"మీ అక్కగారు పోలీసుల్లో చేశారా అమ్మా?" అన్నాడు చిట్టితో.

"పోలీసులు నయం నాయనా. ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తారు."

అది పాత టీవీ. నాలుగు కాళ్ళు, చెక్క తలుపులు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పుట్టి పెరిగింది ఈ రెండో అంతస్తులోనే. పెద్దక్క పెళ్ళి చేసుకుని మూడు వీధుల అవతలకి వెళ్ళింది. చిట్టి ఇక్కడే ఉండిపోయింది. టీవీని దుప్పట్లో చుట్టి యాభై ఏళ్ళు సామాన్ల గదిలో దాచింది. ఎందుకు దాచావని పెద్దక్క ఏనాడూ అడగలేదు.

మెకానిక్ మరలు బిగించి లేచాడు. "వెలుగుతోందమ్మా. కానీ ఏమీ రాదు. ఇలాంటి పెట్టెలకి ప్రసారాలు ఆపేసి ఏళ్ళయింది. డాబా మీద యాంటెన్నా కూడా లేదు, నీళ్ళ ట్యాంకు ఉంది. చుక్కలు చూసుకోవాలంతే."

"చుక్కలైనా చాలు," అంది చిట్టి.

అతను వెళ్ళాక పెద్దక్క మొదలెట్టింది. "ఇప్పుడెందుకే ఈ తద్దినం?"

"గురువారం నా గుండె కోస్తున్నారుగా. మళ్ళీ కుడతారో లేదో. అందుకని."

"కుట్టక ఏం చేస్తారు. కుట్లు సరిగ్గా వేశారో లేదో నేను చూస్తాలే."

చిట్టి నవ్వింది. పెద్దక్క నవ్వలేదు. నవ్వడం ఆవిడకి ఎప్పుడో మరుపొచ్చింది.

ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద చుక్కలు, సన్నగా రొద. వేడెక్కిన దుమ్ము వాసన. చిన్నప్పుడు ఈ గదిలో ఉండిన వాసనే. చిట్టి ఒకటొకటే గుర్తుచేయడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం ఆరున్నరకి వచ్చే హాస్య కార్యక్రమం. ఒక లావాయన, ఒక సన్నాయన. వారానికో పని మొదలుపెట్టి తగలేసేవాళ్ళు. నాన్న నవ్వీ నవ్వీ దగ్గుతెచ్చుకునేవాడు. అమ్మ తడిచేతులతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఏమైంది, ఏమైంది, చెప్పండర్రా" అనేది. చెప్పేలోపు ఇంకోటి అయిపోయేది. చొక్కాలో దిండు కుక్కుకుని లావాయనలా నడిచి చూపించేది మాత్రం పిచ్చుక.

పిచ్చుక వీళ్ళిద్దరి మధ్యవాడు. గోడలెక్కుతాడని ఆ పేరు. తొమ్మిదేళ్ళకే పోయాడు.

"నీ రేకు బాతు గుర్తుందా అక్కా? కీ ఇస్తే తలూపుకుంటూ నడిచేది. వాడు దాన్ని విప్పేశాడుగా, కడుపులో ఏముందో చూస్తానని."

"గుర్తుంది."

మొద్దుబారిన వేలికి సూది దిగితే ఎలా ఉంటుందో అలా ఉంది పెద్దక్కకి. దిగింది, తెలుస్తోంది. నొప్పి లేదు.

గాలికి యాంటెన్నా తిరిగిపోతే బొమ్మ పోయేది. అప్పుడు ముగ్గురికీ మూడు పనులు. పిచ్చుక డాబా ఎక్కి ఇనప గొట్టం తిప్పేవాడు. అక్కడినుంచి గదిలోకి మాట వినపడదు, అందుకని ఆరేళ్ళ చిట్టి మెట్ల మలుపులో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించేది. పెద్దక్క టీవీ ముందు. ఆమె కంటికి పూర్తిగా ఆనితే తప్ప వచ్చిందనదు. కాస్త గీతలున్నా ఒప్పుకోదు. అందుకే ఆమె రాలేదంటే ఎవరూ మారు మాట్లాడేవాళ్ళు కాదు.

వాడు చనిపోయిన ఆ ఆదివారం నాన్న ఇంకా పనినుంచి రాలేదు. అమ్మ కింది వాటాలో ఉంది. వచ్చిందా అంటే రాలేదు. వచ్చిందా అంటే రాలేదు. తొమ్మిదిసార్లు. గొట్టాన్ని ఇంకా పైన పట్టుకుందామని వాడు పిట్టగోడ ఎక్కాడు...

చిట్టి ఇరవయ్యో ఏట ఒక్కసారి అడిగింది. "రాలేదంట అని అరిచింది నేనేగా అక్కా. నిజంగానే రాలేదా?" రాలేదంటే రాలేదు, అంది పెద్దక్క. అంతే. మళ్ళీ ఆ ఊసు లేదు.

గోడ గడియారం ఆరున్నర దాటింది.

తెర మీద చుక్కలు ఒక పక్కకి వాలాయి. గుంపుగా కదిలాయి. వాటి వెనక ఒక నీడ... తర్వాత ఒక భుజం... తర్వాత బొమ్మ.

లావాయన ఒక బీరువాని మెట్ల మీదుగా పైకి తోస్తున్నాడు. చెమటలు తుడుచుకుంటూ సన్నాయన్ని తిడుతున్నాడు, అవసరానికి ఎక్కడ చచ్చాడో అని.

"అక్కా!" చిట్టి చప్పట్లు కొట్టింది. "ఇది నేనెప్పుడూ చూడలేదే!"

ఎలా వస్తోందని ఇద్దరూ అనుకోలేదు. పెద్దక్కకి భయం కూడా వేయలేదు. లోపల ఏమీ కదల్లేదు. తెర వైపు చూస్తూ, పాత కొలత అప్పజెప్పినట్టు చెప్పింది.

"సన్నాయన బీరువాలోనే ఉన్నాడు. నిద్రపోతున్నాడు."

తెర మీద బీరువా తలుపు ఊడింది. లోపల సన్నాయన, చెయ్యి తలకింద పెట్టుకుని, గురకపెడుతున్నాడు.

చిట్టి నవ్వలేదు.

"నీకెలా తెలుసు?"

"ఎప్పుడో చూసుంటాం."

"ఒక్కసారే వేశారక్కా ఇది. తర్వాత బళ్ళో అందరూ చెప్పుకున్నారు, బీరువాలో మనిషి, బీరువాలో మనిషి అని. మనింట్లో చూడలేదు. ఆ రోజు మనకి బొమ్మ రాలేదు."

పెద్దక్కకి తెలుసు, ఆ రోజు వచ్చింది. మూడోసారికే వచ్చింది. అద్దంలా వచ్చింది. బాతుని విప్పేసి పదకొండు రోజులైంది, వాడితో మాటల్లేవు. తిప్పనీ, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పనీ అనుకుంది. అనుకుని, బీరువా తలుపు ఊడేదాకా చూసింది. నవ్వింది కూడా.

పైన ఇనుము కీచుమంది.

గొట్టం తిరుగుతున్న చప్పుడు. ఆగింది. తర్వాత, చాలా దూరంనుంచి...

"వచ్చిందా..?"

చిట్టి శాలువా సర్దుకుని లేచింది. గోడ పట్టుకుని మెల్లగా గది దాటి, మెట్ల మలుపు దగ్గరికెళ్ళి నిలబడింది.

"అక్కా," అంది గుసగుసగా. "అడుగుతున్నాడు."

"ఇటు రా. గాలి."

"ఆ రోజు నువ్వు చెప్పిందే అందించాను. ఇవాళా నువ్వు చెప్పిందే అందిస్తాను. చెప్పు."

తెర మీద లావాయన కోటుకి ఒక గుండీ దారానికి వేలాడుతోంది. అంత స్పష్టంగా ఉంది. వచ్చిందంటే వాడు దిగుతాడు. వచ్చిందంటే, యాభై ఏళ్ళు చెల్లెలి నెత్తిన పెట్టింది తను దించుకోవాలి. ఇన్నేళ్ళలో పెద్దక్క వేసిన కుట్టు తప్పని ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

"రాలేదు," అంది.

మలుపులోంచి, ఆరేళ్ళ పిల్ల గొంతు...

"రాలేదంట!"

గొట్టం మళ్ళీ కీచుమంది. ఎక్కడో రబ్బరు చెప్పులు గోడకి రాసుకున్నాయి. ఒక కాలు. రెండో కాలు.

"వచ్చిందా..?"

"అక్కా. పిట్టగోడ ఎక్కాడు."

పెద్దక్క తెర వైపే చూస్తూ కూర్చుంది.

"సరే. నేనెళ్ళి దింపుతాను." చిట్టి మెట్లెక్కుతోంది. ఒకటి. రెండు. ఆయాసం వినపడుతోంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. మూడు. నాలుగు. ఆగింది. ఐదు...

"వచ్చింది," అంది పెద్దక్క.

"గట్టిగా."

"వచ్చిందే! అప్పుడే వచ్చింది! మూడోసారికే వచ్చింది. నేనే... నేనే రాలేదన్నాను. దిగిరమ్మను. ఇద్దరూ దిగండి!"

చిట్టి అందించలేదు. అందించాల్సిన పని లేకపోయింది.

తెర ఆరిపోయింది. మధ్యలో ఒక తెల్లచుక్క కాసేపు నిలిచి, అదీ పోయింది. మెట్ల మీద అడుగులు వచ్చాయి. నిదానంగా, గోడకి చెయ్యి రాసుకుంటూ. చిట్టి ఒక్కతే గదిలోకొచ్చి కూర్చుంది. మొహంలో కోపం లేదు. ఏడుపూ లేదు. పెద్దక్కకి తన మొహాన్నే అద్దంలో చూసినట్టు ఉంది.

"పైన... ఎవరు?"

"పైదాకా వెళ్ళలేదక్కా. నువ్వు వచ్చిందన్నావుగా. దిగొచ్చేశాను."

"చిట్టీ..."

"ఏమీ అనకు. వాణ్ణి గోడ ఎక్కించింది నా అరుపే అని యాభై ఏళ్ళు అనుకున్నాను. ఇక నిద్రపడుతుంది." కాసేపు చేతులు చూసుకుంది. "టీ పెడతాను. పంచదార ఎక్కువైందని మళ్ళీ సణగకు."

లేచి వంటింటి వైపు నడిచింది. పెద్దక్క చూపు, అలవాటు కొద్దీ, శాలువా అంచు మీదికి పోయింది. ఒక కొస చిట్టి భుజం మీద ఉంది. రెండో కొస కిందికి వేలాడలేదు. చిట్టి వెనక, నడుము కన్న కిందగా, ఎవరో గట్టిగా పట్టుకుని లాగుతున్నట్టు గాలిలో బిగుసుకుని ఉంది. చిట్టి ఆగితే ఆగింది. కదిలితే కదిలింది. చిట్టి వంటింటి గడప మామూలుగా దాటింది. ఆమె వెనక ఆ శాలువా కొస గడప దగ్గర ఒక్క గెంతు పైకి లేచి, అవతల దిగి, మళ్ళీ బిగుసుకుంది.