నాలుగు ఇంచుల తప్పు

కంఠేశ్వర్‌లో టైలర్ సురేందర్ పిల్లల యూనిఫాం ఏది కుట్టినా లోపల రెండించుల మడత వదులుతాడు. పెరిగే పిల్లలు, వచ్చే ఏడు విప్పుకోవచ్చని ఆయన లెక్క. ఆ మడతల పుణ్యాన గల్లీలో మంచి పేరే వచ్చింది. అదే తెలివితో హైదరాబాద్ వెళ్లి కూతురు వినీతకు రేసు సైకిల్ కొనుక్కొచ్చాడు మహానుభావుడు. షాపువాడు పిల్ల ఎత్తెంత అని అడిగితే, "పెద్దదే ఇయ్యి, పెరుగుతది" అన్నాడట!

ఆ శనివారం పొద్దున్నే దుకాణం తెరుస్తూ, పక్కన చాయ్ కొట్టు హన్మండ్లుతో గొప్పలు మొదలుపెట్టాడు.

"రేపు బోధన్ రోడ్డు మీద జిల్లా సెలక్షన్. అండ్ల మొదటి ముగ్గుర్ల వస్తె స్టేట్‌కు పోతది నా బిడ్డ. గల్లీ అంత రావాలె. నా కొత్త సైకిల్ ఎట్ల ఉరుకుతదో సూద్దురు!"

అంతలో కూతురు నీళ్ల సీసా మరిచిపోయిందని గుర్తొచ్చి, స్కూటర్ మీద మాక్లూర్ రోడ్డుకు బయల్దేరాడు. అక్కడ కోచ్ ప్రేమ్ సార్ ఆ పిల్లకు రోజూ ప్రాక్టీస్ చేయిస్తాడు. తీరా చూస్తే ఏముంది? తాను రోజూ తుడిచి మెరిపించే సైకిల్ వేపచెట్టుకు ఆనించి ఉంది. వినీతేమో సార్‌ది, రంగు ఊడిపోయిన పాత సైకిల్ మీద దూసుకుపోతోంది. సురేందర్‌కు ఒళ్ళు మండిపోయింది. పిలవకుండానే వెనక్కి తిరిగాడు.

వినీత ఇంటికి వచ్చేసరికి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"నా సైకిల్ ఏం పాపం జేసింది? ఎవరిదో డొక్కు సైకిల్ తొక్కుతవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

వినీత తల వంచుకుంది. అరుగు మీద బీడీలు చుడుతున్న నాయనమ్మ అంజవ్వకు మాత్రం ఓపిక లేకపోయింది. చేతిలో ఆకు పక్కన పడేసింది.

"అరే సురేందర్, అది నోరు తెరవదు, నేనే జెప్త. నాలుగు నెలల సంది దాని మోకాళ్లకు నూనె రాస్తున్న. పొద్దుగాల మంచం దిగవశం గాదు పోరికి. బాపు మనసు నొస్తదని నాతోని ఒట్టు ఏయించుకున్నది."

"సీటు దించుకుంటె అయిపోవు గద!"

"దించినం బాపు," అంది వినీత మెల్లగా. "సీటు దిగుతది గని, ముంగటి హ్యాండిల్ దగ్గరికి రాదు గద. వంగి వంగి చేతులు తిమ్మిర్లెక్కుతున్నయ్. సార్ కొలిసిండు. నాకు నలభై ఎనిమిది సెంటీమీటర్ల ఫ్రేము గావాలె, సార్ పాత సైకిల్ లెక్క. నువ్వు తెచ్చింది యాభై నాలుగు."

"మరి రేపు ఏ సైకిల్ మీద పోతవ్?"

"నీదే. గల్లీ అందర్ని పిలిసినవ్ గద బాపు."

సురేందర్‌కు అప్పుడు తెలిసింది. తన గొప్ప కోసం పిల్ల ఓడిపోవడానికి కూడా సిద్ధపడింది. మెడలో వేలాడుతున్న టేపు తీశాడు. వినీతను గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య ఒక పుస్తకం పైకి గట్టిగా పట్టమని అంజవ్వకు చెప్పాడు. పుస్తకం అంచు నుంచి నేలదాకా కొలిచాడు. ఇరవై ఎనిమిది ఇంచులు. ప్రేమ్ సార్‌కు ఫోన్ చేసి, యాభై నాలుగు ఫ్రేముకు కాలు ఎంత ఉండాలని అడిగాడు. ముప్పై రెండు ఇంచులు అన్నాడు సార్.

"నాలుగు ఇంచుల తేడా అవ్వా! పరాయి పిల్లల లాగులకు అరించు తేడా వస్తె నిద్రవట్టదు నాకు. నా బిడ్డను ఒక్కపారి గూడ కొలవకపోతి."

నేల మీదే కూలబడి ఏడ్చాడు. వినీత పక్కన కూర్చుని తన చున్నీతోనే ఆయన కళ్లు తుడిచింది.

ఆదివారం పొద్దున బోధన్ రోడ్డుకు గల్లీ సగం వచ్చింది. వినీత సార్ పాత సైకిల్‌తో గీత దగ్గర నిలబడగానే హన్మండ్లు గొంతు లేచింది.

"సురేందరన్నా, ఏదే నీ కొత్త సైకిల్?"

"ఇంట్ల ఉన్నది. పెద్ద సైజు తెచ్చిన, తప్పు నాదే. నువ్వు సైకిల్‌ను సూడకు, నా బిడ్డను సూడు!"

అందరూ వినేట్టే అన్నాడు. వినీత ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. విజిల్ పడింది.

రెండో స్థానంలో వచ్చింది పిల్ల. స్టేట్‌కు వెళ్లేవాళ్లకు సైకిళ్లు ఇప్పిస్తారట. సెలక్షన్ సార్ ఒకరు కాగితాలు పట్టుకుని, "వినీతా, నీ ఫ్రేము సైజెంతమ్మా?" అని అడిగాడు. ఆయాసంతో ఆమెకు ఇంకా మాట రావడం లేదు.

జనం మధ్యలోంచి సురేందర్ చెయ్యెత్తాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం రోడ్డంతా మోగింది.

"నలభై ఎనిమిది సార్! నా బిడ్డ కొలత నేనే తీసిన!"