ఎంగిలి ఇల్లు

నాచారంలో సాయంత్రమయ్యేసరికి కిటికీలు మూసుకోవడం అందరికీ అలవాటే. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగిందంటే కుళ్ళిన కోడిగుడ్ల వాసనో, కాలిన రబ్బరు వాసనో వచ్చి ముక్కులో తిష్ఠ వేస్తుంది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు కొన్నాళ్ళు గొణుక్కుంటారు, తర్వాత మరిచిపోతారు. ఉదయశ్రీ కూడా మరిచిపోయింది. అందుకే ఇంట్లో ఇంకో వాసన మొదలైనప్పుడు, చాలా రోజులు ఆ పాపం కూడా ఫ్యాక్టరీల మీదే వేసింది.

మేడ మీద రెండు గదుల వాటా వాళ్ళది. కింద ఇంటావిడ సత్తమ్మ ఉంటుంది. ఉదయశ్రీ తెనాలి పిల్ల. మొగుడు తేజేష్‌ది ఏలూరు, పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, పాప ఏడిస్తే నిద్రలోంచి లేచి ఎత్తుకుంటాడు. ఉన్న రోగమల్లా ఒక్కటే. కంటికి కనిపించిందల్లా ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాలి.

గుత్తొంకాయ వండితే ముందు ఫోను తినాలి, ఆ తర్వాతే మనుషులు తినాలి. కొత్త కర్టెన్లు కడితే ఫోటో. పెళ్ళి పట్టుచీర బీరువాలోంచి తీసి ఆరేస్తే ఫోటో. చివరికి పోపుల పెట్టె కూడా వదల్లేదు మహానుభావుడు. ఏమన్నా అంటే "అందరూ మనవాళ్ళే కదా ఉదయా" అంటాడు. ఆ మనవాళ్ళు ఎనిమిది వందల పైచిలుకు. వాళ్ళలో సగంమంది ఉప్పల్ బస్టాపులో పక్కన నిలబడినా వీడు గుర్తుపట్టలేడు.

అన్నిటికంటే ఘోరం పురిటినాటి ఫోటో. నొప్పులు పడుతూ, జుట్టు విరబోసుకుని, ఆసుపత్రి గౌనులో, చేతికి సెలైన్ సూదితో మంచానికి అడ్డం పడి ఉన్న పెళ్ళాన్ని తీసి, కింద నాలుగు ముద్దుమాటలు రాసి పెట్టాడు. ఆ సంగతి ఆమెకి పాప పుట్టాక తెలిసింది. చూడ్డానికొచ్చిన, మొగుడి తరఫు చిదంబరం బాబాయి "ఆ ఫోటోలో బాగా నీరసించిపోయావమ్మా" అని జాలిపడ్డాడు. ఎప్పుడూ ఆమె ముఖం వైపు సూటిగా చూసి మాట్లాడని పెద్దమనిషి ఆయన. ఉదయశ్రీకి నలుగురిలో ఒంటిమీద గుడ్డ జారిపోయినట్టయింది. పచ్చి బాలింత, పోట్లాడే ఓపిక లేక ఒక్కటే అడిగింది.

"మీరేం పెట్టుకుంటారో పెట్టుకోండి. పాపని మాత్రం పెట్టొద్దు. నా మీద ఒట్టు."

తేజేష్ ఒట్టు వేశాడు. నిలబెట్టుకున్నాడు కూడా.

పాప ధనశ్రీకి ఐదో నెలలో అన్నప్రాసన. ఎవర్నీ పిలవలేదు. ఉదయశ్రీ పొద్దున్నే తలంటుకుని, తను కూడా రుచి చూడకుండా మడిగా పరమాన్నం వండింది. వెండి గిన్నెలో తీసి దేవుడి ముందు పెట్టి, హారతి కోసం వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తేజేష్ గిన్నె ముందు మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు.

"పాప లేదు. గిన్నె ఒక్కటే," అన్నాడు అడగకముందే. అప్పటికే పెట్టేశాడు. ఫోను టింగ్ టింగ్‌మంటోంది.

నైవేద్యం అయింది. వేలి ఉంగరం అంచుతో కాస్త తీసి పాప నాలిక్కి రాసింది. పాప ముఖం చిట్లించి ఉమ్మేసింది. మళ్ళీ రాస్తే గుక్కపట్టింది. కొత్త రుచి కదా అనుకుని ఉదయశ్రీ అదే వేలు తన నోట్లో పెట్టుకుంది.

ఉమ్మి.

తీపి లేదు, నెయ్యి లేదు, యాలకుల వాసన లేదు. గోరువెచ్చని, జిగట ఉమ్మి. అందులో గుట్కా ఉంది, సిగరెట్ ఉంది, పచ్చి ఉల్లిపాయ ఉంది, పళ్ళు తోమని పొద్దుటి పాచి ఉంది. అది ఒక్క నోటి రుచి కాదు. గిన్నెలోకి చూస్తే పరమాన్నం మధ్యలో గుంట పడి ఉంది, నాలికతో తోడినట్టుగా. ఆమె బాత్‌రూంలోకి పరిగెత్తి, కడుపులో ఉన్నదంతా కక్కింది.

తేజేష్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "పాలు విరిగినట్టున్నాయి," అన్నాడు. రెండో చెంచా మాత్రం తీసుకోలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. కర్టెన్ల అంచులు తడిగా ఉంటున్నాయి. పిండితే నీళ్ళు కారవు, తీగలా సాగే జిగురు వస్తుంది. పట్టుచీర మడత విప్పితే జరీ పొడవునా ఎండిన చొంగ చారలు. పోపుల పెట్టెలో జీలకర్ర ముద్దకట్టింది. ఉతికి, తుడిచి, ఎండలో వేసి, సాయంత్రం లోపల పెడితే పొద్దున్నకి మళ్ళీ అంతే. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఉదయశ్రీకి అన్నం కలుపుకోవాలంటే రోతగా ఉండేది.

ఒకరోజు పాత సత్తు గిన్నె తోమబోతూ ఆగిపోయింది. గిన్నె పొడిగా ఉంది. చీపురు పొడిగా ఉంది. పాప గుడ్డల బుట్ట పొడిగా, శుభ్రంగా, పాల వాసనతో ఉంది. ఎవరికీ చూపించనివేవీ చెడిపోలేదు. చూపించినవే ఎంగిలయ్యాయి.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. పాప పుట్టినప్పటినుంచీ రోజూ తెల్లారి లేచేసరికి తన మెడా భుజాలూ తడిగా ఉంటున్నాయి. బాలింత చెమటలనుకుని పట్టించుకోలేదు. మర్నాడు లేస్తూనే మెడ మీద వేలితో రాసి వాసన చూసింది. అదే వాసన. ఇన్ని నెలలూ పక్కలో మొగుడు పడుకుని ఉండగానే, ఎవరెవరో తనని... ఆమె ఒళ్ళు రక్కుకుంటూ స్నానాలగదిలో కూర్చుండిపోయింది. ఏడుపు కూడా రాలేదు, అసహ్యం తప్ప.

తేజేష్‌కి చెప్పింది. నవ్వాడు. కర్టెన్ అంచు తెచ్చి చేతిలో పెడితే నవ్వు ఆగింది.

"గోడలో చెమ్మ ఉదయా. ప్లంబర్‌ని పిలుస్తా," అని చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"తీసెయ్యండి. అన్నీ తీసెయ్యండి."

ఆమె ముఖం చూసి కాదనలేక ఆ రాత్రే కూర్చుని ఫోటోలన్నీ తీసేశాడు. తెల్లారి కర్టెన్లు మళ్ళీ తడిగానే ఉన్నాయి. చూసినవాళ్ళు చూశారు, దాచుకున్నవాళ్ళు దాచుకున్నారు, ఇంకొకరికి పంపినవాళ్ళు పంపారు. ఆ కళ్ళు ఇప్పుడెక్కడున్నాయో తేజేష్‌కి మాత్రం ఏం తెలుసు? ఉదయశ్రీకి మిగిలిన ధైర్యం ఒక్కటే. పాప ఇంకా పొడిగా ఉంది.

మోటారు సంగతి చెప్పడానికి పైకొచ్చిన సత్తమ్మ గుమ్మంలోనే ఆగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మా గీ వాసన?"

"ఫ్యాక్టరీలది ఆంటీ."

"ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉంటున్న. ఫ్యాక్టరీ వాసన నాకెరుకలేదా? ఇది నోటి వాసన. ఇంట్ల ఉండేది ముగ్గురే గదా, గింతమంది నోళ్ళు యాడికెళ్ళి వచ్చినయ్?"

ఉదయశ్రీ మొత్తం చెప్పేసింది. సత్తమ్మకి సగమే అర్థమైంది, కానీ ఆ సగంతోనే ఆవిడ ముఖం మాడిపోయింది. "మస్తు కండ్లు వడ్డయ్ బిడ్డా. పొద్దుగూకినంక వస్త. దిష్టి దీస్త," అంది.

చీకటి పడుతుండగా కుంపటి పట్టుకుని వచ్చింది. అదే సమయానికి రోజూలాగే కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో ఉదయశ్రీ పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సత్తమ్మ గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని తిప్పుతూ గొణిగింది.

"ఇరుగోళ్ళ కండ్లు... పొరుగోళ్ళ కండ్లు... తొవ్వల వొయ్యేటోళ్ళ కండ్లు..." చెయ్యి ఆగింది. "ఇంకెవరెవరివమ్మా?"

ఉదయశ్రీ పాపని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

సత్తమ్మ గుప్పిట నిప్పుల మీద విప్పింది. ఉప్పు చిటపటమంది. మిరపకాయలు నల్లబడి ముడుచుకున్నాయి, పొగ గది నిండా పాకింది. ఎవరూ దగ్గలేదు. ఎవరి కళ్ళలోనూ నీళ్ళు రాలేదు. దిష్టి లేకపోతే ఆ పొగకి వీధిలోవాళ్ళు కూడా దగ్గాలి. సత్తమ్మ ఇంకో గుప్పెడు వేసింది. తర్వాత పొట్లంలో ఉన్నవన్నీ కుమ్మరించింది.

ఘాటు లేదు.

ఆ పొగలోంచి నోటి వాసన మాత్రం లేచింది. కిక్కిరిసిన బస్సులో అందరూ ఒక్కసారిగా మన ముఖం మీదికి వంగినట్టు... వెచ్చగా. తడిగా. కొవ్వొత్తి ఆరిపోయింది. కర్టెన్ల వైపు నుంచి మెల్లగా ఏదో చప్పుడు.

చప్... చప్...

"ఎవరది?" అంది సత్తమ్మ.

గది ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది.

గుమ్మంలో తేజేష్. ఆఫీసు బ్యాగు ఇంకా భుజానే ఉంది. ఫోను వెలుగులో ముఖం మురిసిపోతోంది. "ఇలా కుంపటి పెట్టి దిష్టి తీయడం ఇప్పుడెక్కడ కనపడుతుంది ఉదయా? భలే వచ్చింది. కుంపటి ఒక్కటే తీశాలే."

"పెట్టారా?"

"పాప లేదన్నానుగా..." ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఆ... మూలన కాలు కొంచెం పడింది. పాదమేగా."

టింగ్.

ఒళ్ళో పాప ఎడమకాలు ఉలిక్కిపడింది.

టింగ్.

ఉదయశ్రీ చీకట్లోనే పాదం తడిమింది. వేళ్ళ సందుల్లో తడి. కొంగుతో తుడిచింది. టింగ్. మళ్ళీ తడి. టింగ్. టింగ్. మడమ దాకా తడి. తుడుస్తోంది... తుడుస్తోంది... కొంగు తడిసి ముద్దయింది.

"తీసెయ్యండి," గుసగుసలా అంది. "తీసెయ్యండీ..."

"తీసేశాను. తీసేశాను ఉదయా, ఇదిగో." తేజేష్ వంగి పాప కాలు పట్టుకున్నాడు. అప్పుడు చూశాడు. ఫోను వెలుగులో, పాప చిటికెనవేలు దానంతటదే సాగింది. చర్మం లోపలికి పీల్చుకుపోయి నలిగింది. వదిలింది. మళ్ళీ సాగింది. ఎవరో నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నారు.

తేజేష్ ఫోను వెనక మూత ఊడబీకి బ్యాటరీ లాగేశాడు. వెలుగు పోయింది.

టింగ్.

ఖాళీ ఫోను అతని చేతిలోనే ఉంది. టింగ్. చప్పుడు కర్టెన్ల దగ్గరనుంచి వస్తోంది. టింగ్. పట్టుచీర ఉన్న బీరువాలోంచి. టింగ్. ఉదయశ్రీ మెడ వెనకనుంచి, చెవికి తగిలేంత దగ్గరగా... ఊపిరితో సహా.

సత్తమ్మ గోడ పట్టుకుని పాకుతున్నట్టు గుమ్మం దాటింది. "రేపటికల్ల ఇల్లు ఖాళీ చెయ్యిన్రి బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత," అంది వెళుతూ. కుంపటి అక్కడే వదిలేసింది.

కరెంటు వచ్చేదాకా అది ఆగలేదు. లైటు వెలిగాక చూస్తే, పాప పాదం రోజంతా నీళ్ళలో నానబెట్టినట్టు తెల్లగా ముడతలు పడి ఉంది.

మర్నాడే వెళ్ళిపోయారు. కర్టెన్లూ పట్టుచీరా వెండిగిన్నే అన్నీ ఆ ఇంట్లోనే వదిలేసి, నాగారంలో చిన్న వాటా తీసుకున్నారు. తేజేష్ ఫేస్‌బుక్ మూసేశాడు. ఫోటోలు రాని బటన్ల ఫోను కొనుక్కున్నాడు. పాప కాలు రోజూ చూసేవాడు, పెళ్ళాం కళ్ళలోకి చూడకుండా. పాదం పొడిగానే ఉండేది. ఉదయశ్రీ మెడ మాత్రం తడుస్తూనే ఉంది. పాపకి లేకపోతే చాలు, తనకెలా ఉన్నా పర్వాలేదనుకుంది. ఆ రోతకి కూడా మనిషి అలవాటుపడతాడని ఆమెకి అప్పుడే తెలిసింది.

తొమ్మిదో నెల టీకాకి ఏఎస్ రావు నగర్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మిట్టమధ్యాహ్నం, బయట మార్కెట్ గోల, లోపల బెంచీల మీద తల్లులు. పాప కాళ్ళకి మేజోళ్ళు తొడిగింది. పక్కన కూర్చున్న ముసలావిడ అదేపనిగా పాపనే చూస్తోంది. ముతక చీర, నుదుట పెద్ద బొట్టు, మర్యాదస్తురాలు.

"ధనశ్రీ ఎంత ఎదిగిందో," అంది ఆప్యాయంగా.

"మీరెవరో... గుర్తుకు రావట్లేదండీ."

"నేను నీకెలా తెలుస్తానమ్మా? నా పేరు శారదమ్మ. మనవడికి జ్వరమని తీసుకొచ్చాను."

ఉదయశ్రీ పాపని దగ్గరికి లాక్కుంది. "పాప ఫోటో ఎక్కడన్నా చూశారా?"

"ఫోటోనా? నాకవన్నీ ఏం తెలుసమ్మా, ఫోను కూడా లేదు." ఆవిడ ముందుకి వంగి గొంతు తగ్గించింది. "ఎడమ అరికాల్లో నువ్వుగింజంత మచ్చ ఉండేది కదూ. ఇంకా ఉందా?"

అడిగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

ఆ మచ్చ సంగతి తనకీ తేజేష్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున స్నానం చేయించినప్పుడు కూడా చూసింది. ఎడమకాలి మేజోడు లాగింది.

మచ్చ లేదు. అరికాలు నున్నగా, పొడిగా ఉంది.

కుడికాలు ఏ ఫోటోలోనూ పడలేదు. ఆ మాట తనకి తాను చెప్పుకుంటూనే ఆ కాలి వైపు చూసింది. ఆమె చూస్తుండగానే ఆ మేజోడు కొసన చిన్న తడిమచ్చ పుట్టి, మెల్లగా మడమ దాకా పాకింది. పాపకి కితకితలయ్యాయేమో, కాలు ఆడిస్తూ కిలకిలా నవ్వింది.