నక్షత్రాల ఓడలో సున్నం డబ్బా

చర్చి పక్క హాల్లో అక్సా అప్పటికే మనుషులందరినీ ఓడ ఎక్కించి వేరే నక్షత్రానికి పంపేసింది. వాళ్లను వెనక్కి తీసుకురావలసిన పని జయరాజ్ మీద పడింది.

యూత్ డిబేట్. మనిషి జాతి నిలవాలంటే నక్షత్రాలకు వలస పోవాలా? సారపాక కాగితం మిల్లు ల్యాబ్‌లో పనిచేసే అక్సా పోవాలంటుంది. బడిలో సైన్సు చెప్పే జయరాజ్ వద్దంటాడు. నిజానికి అతని మనసు ఏ నక్షత్రం మీదా లేదు. డిబేట్ అయ్యాక ఆమెకు ఒక మాట చెప్పాలి. ఈ రోజే చెప్పాలి. వచ్చే ఆదివారం ఇల్లందు నుంచి ఆమెను చూసుకోవడానికి పెళ్లివారు వస్తున్నారు.

"సూర్యుడు ఉబ్బి ఉబ్బి భూమిని మింగుతడు. అప్పుడేం చేస్తరు సార్?" అంది అక్సా.

"దానికింకా కోట్ల ఏండ్లుంది. మన కాడ రోడ్డు పడేలోపైతే ఏం కాదు."

హాలంతా నవ్వింది. ముందు వరుసలో అక్సా నాయనమ్మ సవరమ్మ చెయ్యెత్తింది. "ఆ ఓడల చింతపండు దొరుకుతదా?"

"గింజలు తీస్కపోతరే నాయనమ్మా."

"చెట్టయి కాసేదాంక చప్పిడి పప్పేనా? నేను రాను, మీరే పోండ్రి."

జయరాజ్‌కు ధైర్యం వచ్చింది. "ఓడ చేరేటాల్లకు తరాలు గడుస్తయి. నడుమల చచ్చినోళ్లను ఎక్కడ పెడతరు?"

"పెట్టేదేంది? ఎరువు చేస్తరు. టమాటలకేస్తరు!"

ఫాదర్ గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. జయరాజ్ మాత్రం చేతిలోని కాగితం మడిచి కూర్చున్నాడు. వాళ్లమ్మ పోయింది ఆ వానాకాలంలోనే.

గెలిచిన అక్సాకు స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. చప్పట్లు ఆగేసరికి అతను హాల్లో లేడు. చెప్పాలనుకున్న మాట కూడా అతనితోపాటే వెళ్లిపోయింది.

ఆ వారంలోనే సమాధుల పండుగ. ప్రతి సమాధికీ సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తారు. సున్నం వేయాల్సింది ఇంటివాళ్లే. జయరాజ్ ఇంట్లో అతను తప్ప ఎవరూ మిగల్లేదు. మట్టి చేసిన రోజు తర్వాత అటు వెళ్లడానికి అతనికి కాళ్లు రాలేదు. పండుగ పొద్దున ఎలాగో డబ్బా, కుంచె, గొడుగు పట్టుకొని బయల్దేరాడు.

అమ్మ సమాధి అప్పటికే తెల్లగా మెరుస్తోంది.

పక్కనే ఉన్న తన తాత ఆదాము సమాధి మీద అక్సా కూర్చుని ఉంది. ముక్కు మీద సున్నం, జుట్టులో సున్నం.

"మీ అమ్మ సంగతి మర్చి నోరు జారిన సార్. నాయనమ్మ చెవి పిండి యాదికి చేసింది. ఇగో, ఇంకా ఎర్రగనే ఉంది."

జయరాజ్ ఆ చెవిని చూశాడు. క్షమించడానికి అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు.

"టమాటలకైతే మా అమ్మ ఒప్పుకోకపోయేది," అన్నాడు మెల్లగా. "మిరపతోటకే ఎయ్యమనేది."

అక్సా నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. చేతి సున్నం కాస్తా చెంపకు అంటింది.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. "అయ్యో, సున్నం!" అని ఇద్దరూ ఒక్కసారే గొడుగు అందుకున్నారు. అమ్మ మీద గొడుగు పట్టి, చెరో పక్కన నిలబడి తడిశారు.

కొవ్వొత్తులు కొంగులో దాచుకుని సవరమ్మ వచ్చింది. తెల్లటి సమాధిని చూసింది, మనవరాలి ముక్కు చూసింది.

"ఓసి పిల్లా, ఇంటోళ్లు ఎయ్యాల్సిన సున్నం నువ్వేసినవా? ఇప్పుడు ఇల్లందోళ్లకు ఏం చెప్పాలె?"

"తెల్వక ఏసింది," అనబోయాడు జయరాజ్.

"తెలిసే ఏసిన," అంది అక్సా. "సార్ నోరు తెరిచేదాంక ఆగితే సూర్యుడు ఉబ్బుతడు."

జయరాజ్ ఆమె వైపు తిరిగేసరికి గొడుగు పక్కకు ఒరిగింది.

"అక్సా, ఆ ఓడల నీ పక్క సీటు ఖాళీగుందా?"

"పోవద్దంటిరి గదా సార్?"

"నువ్వు పోతే వస్త. సున్నం డబ్బా ఒక్కటి పెట్టుకోనిస్తే."

"రెండు పెట్టుకుందాం. మా తాతకు కూడా కావాలె గదా," అంది. ఆ తర్వాత, మొదటిసారి సార్ అనకుండా, "గొడుగు సక్కగ పట్టు నువ్వు," అంది.

సవరమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసి, రొంటిన దోపుకున్న ఫోన్ తీసింది.

"ఇల్లందు నంబరు కలుపుండ్రి. పిల్ల ఓడెక్కిందని చెప్త."