నల్లగుట్ట కింద తవ్వే చప్పుడు

నల్లగుట్ట దగ్గర పొద్దుగూకాక ఎవరూ బండి ఆపరు. ఎప్పుడో నేల కొలిచి పటాలు గీయడానికి వచ్చినవాళ్లలో ఒకడు అక్కడ దాహంతో చచ్చిపోయాడట. చచ్చినా దాహం తీరక, చీకటి పడగానే ఇసక తవ్వుతాడట... ఆ చప్పుడు వినబడితే పారిపోవాలి. గోబీ ఎడారిలో లారీలు తోలే మేమంతా ముప్పై కిలోమీటర్లు చుట్టు తిరిగైనా ఆ దారి తప్పించేవాళ్లం.

మొన్న వేసవిలో మాతో లారీ తోలే సొద్నోమ్‌కి ఆ దారి తప్పలేదు. జ్వరంతో ఉన్న తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, సరిగ్గా ఆ గుట్ట ముందే రేడియేటర్ కారిపోయింది. ఉన్న నీళ్లన్నీ దానికే పోశాడు, తెలివితక్కువ సన్నాసి. మర్నాడు సాయంత్రానికి ముసలామె నాలుక పిడచకట్టుకుపోయింది.

సొద్నోమ్ తన నాన్న కాలంనాటి పటం బయటికి తీశాడు. గోధుమరంగు గీతలు ఒత్తుగా ఉన్నచోట గుట్ట. దాని కింద నీలం సున్నా, అంటే బావి. వెళ్లి చూస్తే బావి నిండా ఇసకే.

"పూడిపోయిందమ్మా."

"పటంలో ఇంకేం లేదురా?"

"నీలం చుక్కల గీత ఉంది. ఎండిపోయిన వాగు."

చీకటి పడింది. అప్పుడు వినబడింది — గర్... గర్... ఆ గీత ఉన్నవైపు నుంచే.

"అమ్మా... వాడే."

"వాడైతే నీళ్ల కోసమేగా తవ్వుతున్నాడు," అంది ముసలామె. "వెళ్లి నాకూ కాసిని అడుగు."

"నావల్ల కాదమ్మా."

"ఇక్కడే కూచున్నావో, తెల్లారేసరికి నేనే దెయ్యమై నీ పీక మీద కూచుంటా."

వెళ్లాడు. కంటికి వాగే లేదు, అంతా ఇసక దిబ్బలే. పటంలో గీత వంపు తిరిగినచోట తనూ తిరిగాడు. కాలికింద గులకరాళ్లు తగిలాయి.

చప్పుడు ఆగిపోయింది...

ఎదురుగా ఎవరో బుసకొట్టారు. టార్చి వేశాడు — కళ్లు. బోలెడు కళ్లు.

అడవిగాడిదలు! ఒకటి మోకాళ్లలోతు గొయ్యిలోంచి ఎగిరి దూకింది. మంద మొత్తం పారిపోయింది. గిట్టలతో తవ్విన ఆ గొయ్యిలో నీళ్లు ఊరుతున్నాయి.

ముసలామె బతికింది.

సొద్నోమ్ ఇదంతా మా గుడారంలో టీ తాగుతూ చెప్పాడు. అందరూ పడీపడీ నవ్వారు. గొయ్యి ఎక్కడో పటం మీద వేలు పెట్టి చూపించాడు. నాలుగేళ్ల కిందట దాహంతో చచ్చిపోయిన మా తమ్ముడు దాంబా శవం దొరికిన చోట నేనూ వేలు పెట్టాను.

రెండు వేళ్లూ తగిలాయి.

వాడి అడుగుజాడలు ఆ వాగు నుంచి అవతలికి పరుగెత్తినట్టు కనబడ్డాయి, ఆ రోజు. వాడికి బండి తోలడం నేర్పింది నేను. భయపడటమూ నేనే నేర్పాను.