వరండా మంచాలు

గల్ఫ్ యుద్ధం ఆగిపోయినా సౌదీ ఊరు ఖఫ్జీలో ఆ రోజు మధ్యాహ్నమే చీకటి పడింది. సరిహద్దుకి అవతల కువైట్ చమురు బావులు ఇంకా తగలబడుతున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పొగ వచ్చి ఊరి మీద కూర్చునేది. కాన్పుల వార్డులో లైట్లు వేసుకుని, ఆ కమురు వాసనలోనే పని చేసుకుపోతోంది నర్సు రత్నమణి. నరసాపురం మనిషి. ఇక్కడికొచ్చాక ఏడవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

గదులు సౌదీ ఆడవాళ్ళకి, తెల్లవాళ్ళకి. పనిమనుషులకి వరండా చివర రెండు మంచాలు. ఒకటి ఖాళీ. పోయిన వారం దాని మీదే, ఇథియోపియా నుంచి వచ్చి ఎప్పుడూ సాంబ్రాణి వాసన వేసే ఓ హబషీ పనిమనిషి కాన్పయ్యాక నెత్తురాగక చనిపోయింది. బిడ్డా దక్కలేదు. రెండో మంచం మీద కడప నుంచి వచ్చిన హాజిరా. పొద్దున్నే కనింది. పక్కన తొట్టిలో ఆడపిల్ల.

"అక్కా, కింద తడి ఆగడంల్యా."

రత్నమణి ఆమె పొత్తికడుపు నొక్కి చూసింది. మెత్తగా ఉంది. కాన్పయ్యాక అలా ఉండకూడదు. పరుగెత్తింది.

డాక్టరమ్మ ఓ గదిలో ఇంజనీరు భార్యకి తలనొప్పి చూస్తోంది. తల తిప్పలేదు.

"పనిమనుషులకి నొప్పి తక్కువ సిస్టర్, గొంతు ఎక్కువ. ఈవిడకి బీపీ చూడు."

"నెత్తురాగట్లేదు డాక్టర్. చచ్చిపోద్ది."

"చూడమన్నానా?"

చూసింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. ఇంతలో కరెంటు పోయింది.

వరండాలో అడుగుల చప్పుడు. వట్టి కాళ్ళు... తడి కాళ్ళు... ఆగాయి.

రత్నమణి టార్చి పట్టుకుని బయటికొచ్చింది. పచ్చి నెత్తురు వాసన. అందులో సాంబ్రాణి...

"హాజిరా..."

హాజిరా కళ్ళు తెరిచే ఉంది. ఊపిరి ఆడుతోంది. నెత్తురు ఆగింది. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. దాని మీద మసి. రెండు అరచేతుల ముద్రలు.

"ఎవరు నొక్కారే?"

"ఆ మంచం మీది ఆయమ్మ."

"అది ఖాళీ కదే, పిచ్చిమొహమా!"

"నల్లగా ఉండాదిక్కా. చేతులు బలే చల్లన." హాజిరా గొంతు తగ్గించింది. "ఊరికేం నొక్కలేదు."

"ఏవడిగింది?"

హాజిరా గోడవైపు తిరిగి పడుకుంది.

"సర్లే. ముందు పిల్లకి పాలు పట్టు."

"నాకింకా పడల్యాదక్కా..."

రత్నమణి తొట్టి మీదికి వంగింది. పిల్ల కడుపు నిండి నిద్రపోతోంది. పెదవి చివర పాలచుక్క. వేలితో తుడిచింది.

గోరువెచ్చగా ఉంది.