తలుపుకు వేసిన నూనె

పొద్దున్నే ఛాయ్ గ్లాసుతో అరుగు మీద కూర్చున్న శాంతరాజు మాస్టరుకు ఆ రోజు కోపం రాలేదు. ఆ ఇంట్లో అది వింతే. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు తెల్లవారేది ఏదో ఒక చప్పుడును తిట్టడంతోనే. పక్కింటి పీరప్ప పిండి గిర్ని తిప్పే పట్టా కీచుమంటోందని తిట్టేవాడు. భార్య కృపమ్మ చెంచాతో గిన్నె అడుగు గీకుతోందని తిట్టేవాడు. వీధి తలుపు కిర్రుమంటే "థూ, ఇది తలుపా, గొంతు కోస్తున్న కోడా?" అనేవాడు.

మనిషి చెడ్డవాడు కాడు. బీదరు మంగల్‌పేట చర్చిలో హార్మోనియం ఆయనదే. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యాడు. ప్రతి క్రిస్మస్‌కూ కొత్త కీర్తన ఒకటి కడతాడు. అంత చెవి ఉన్నవాడికి ఆ మాత్రం ముక్కు మీద కోపం ఉండదా అని ఊరంతా సర్దుకుపోయింది. ఇంట్లోవాళ్ళకు సర్దుకుపోక తప్పలేదు.

"పీరప్ప గిర్ని బాగు చేయించినట్టున్నడు," అన్నాడు మాస్టరు తృప్తిగా. "కీచుమంటనే లేదు."

వంటింటి గుమ్మంలో కృపమ్మ చేతిలోని చాట అలాగే ఆగిపోయింది. సరిగ్గా ఆ నిమిషంలోనే గిర్ని పట్టా చెవులు చిల్లులు పడేలా కీచుమంటోంది.

"ఆఁ... చేయించిండట," అంది.

"తలుపు గూడ నోరు మూసుకున్నది. ఎవరు ఏసిండ్రు నూనె?"

"నేనే ఏసిన."

"ఇన్నేండ్లకు నీకు బుద్ధొచ్చింది," అని ఆయన నవ్వాడు. కృపమ్మ లోపలికి పోయి పొయ్యి ముందు చతికిలబడింది.

అబద్ధం ఎందుకు చెప్పిందంటే, ఆమెకు ఆయన కోపం కన్నా పెద్ద భయం ఒకటుంది. శాంతరాజు తండ్రి కిష్టప్ప కూడా పాటగాడే. సొంతూరు జనవాడలో ఆయన గొంతెత్తితే పొలాల్లోని వాళ్ళు పని ఆపి నిలబడేవారట. అరవయ్యో ఏట ఆయనకు చెవుడు వచ్చింది. ముందు పాట మానేశాడు, తర్వాత మాట మానేశాడు, ఆఖరికి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తిరిగినవాడు మళ్ళీ ఇటు తిరగలేదు. నాలుగు నెలల్లో పోయాడు. కొత్త కోడలిగా ఆయనకు జావ పట్టింది కృపమ్మే. ఇప్పుడు శాంతరాజుకు యాభై తొమ్మిది నిండాయి. కీచు చప్పుళ్ళు ఇప్పటికే ఆయనకు అందడం లేదు. చెవి పోతోందని తెలిస్తే ఈయనా గోడకు తిరుగుతాడని ఆమె భయం. అందుకే ఆగిపోయిన ఒక్కో చప్పుడుకూ ఒక్కో అబద్ధం చెప్పుకుంటూ వస్తోంది.

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారి అప్పటికి పది రోజులు కాలేదు. ఆ మధ్యాహ్నం చర్చి పాస్టరు యెహోషువ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు. గట్టిగా మాట్లాడమని కృపమ్మ ఆయనకు వెనక నుంచి చేత్తో సైగ చేసింది.

"మాస్టరు, పిల్లలందరు కన్నడ బడిలనే చదువుతున్నరు. ఈ క్రిస్మస్‌కు కొత్త పాట కన్నడంల కట్టున్రి. మాటలు నేను రాసి తెచ్చిన."

"బోర్డులు మార్చిండ్రు, రాష్ట్రం పేరు మార్చిండ్రు. ఇగ దేవునికి నేను పాడే భాష గూడ మారుస్తరా అయ్యగారూ?"

"మార్చుడు కాదు, కలుపుడు..."

"నా పానం ఉండంగ కాదు," అన్నాడు మాస్టరు. పాస్టరు కాగితాన్ని హార్మోనియం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నిజానికి మాస్టరు కోపం కన్నడం మీద కాదు. ఈసారి ఆయనకు పాటే రావడం లేదు. తెలుగులోనూ రావడం లేదు. చప్పుళ్ళు లేకపోతే ఇంతకు పదింతలు కట్టేవాణ్ణని ముప్ఫై ఏళ్ళు అందరితో అన్నాడు. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పలకా బలపం పెట్టుకున్నట్టు నోటుబుక్కూ పెన్సిలూ పెట్టుకొని కూర్చుంటే ఒక్క వరస పుట్టడం లేదు. ఎక్కడ లోపం ఉందో తెలియక ఆయన హార్మోనియాన్ని అనుమానించాడు. ఆయన చెవికి పై స్థాయి మెట్లు బలహీనంగా పలుకుతున్నాయి. కొన్ని శ్రుతి తప్పాయి కూడా.

మర్నాటి నుంచి నాలుగు మధ్యాహ్నాలు ఆయన హార్మోనియం పెట్టె విప్పుకొని కూర్చున్నాడు. తన నాయిన నిజాం కాలంలో కొనిచ్చిన పెట్టె అది. దాని మీద కన్నకూతురి చెయ్యి కూడా పడనిచ్చేవాడు కాడు. సన్న ఆకురాయి పట్టుకొని స్వరం పలికించే ఇత్తడి రీడ్లను ఒక్కొక్కటే గీకాడు. మెట్టు నొక్కి వినడం, మళ్ళీ గీకడం. గీకిన రీడు పల్చబడితే మళ్ళీ చిక్కబడదు. ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా బీదరులో ఇంకెవరికీ తెలియదు. అయినా గీకాడు. తన చెవి మీద ఆయనకు అంత నమ్మకం.

నాలుగో రోజు సాయంత్రం కూతురు హేబ్సిబా బడి నుంచి వచ్చింది. అక్కడ టీచరు ఆమె. చర్చి పాటల బృందంలో ముందు గొంతు కూడా ఆమెదే. తండ్రి బజారుకు పోయాడు. నేల మీద పరిచిన పాత పేపరు నిండా ఇత్తడి పొడి మెరుస్తోంది. ఆమె భయం భయంగా మెట్లు నొక్కి చూసింది. పై సగం మొత్తం పాడైపోయింది. ఒక్క స్వరం కూడా పక్క స్వరంతో కలవడం లేదు.

"అవ్వా! నాయిన పెట్టెను చంపేసిండే!"

"మెల్లగ..." అంది తల్లి కృపమ్మ అలవాటుగా. అనేసి, మెల్లగా మాట్లాడాల్సిన పని ఇంక లేదని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళు దాస్తవ్? రేపు అందరు ప్రాక్టీసుకొస్తరు. అందరి ముంగట తెలుస్తది."

"క్రిస్మస్ దాకనన్న ఆగు బిడ్డా. మీ తాతను నువ్వు చూడలే. నేను చూసిన."

మర్నాడు దీపాలు పెట్టే వేళకు బృందంలోని ఎనమండుగురు ముందుగదిలో చాప మీద కూర్చున్నారు. మాస్టరు పెట్టె ముందు బాసింపట్టు వేసుకొని, పాత కీర్తన ఒకటి ఎత్తుకోమన్నాడు. మొదటి చరణం మెట్లు కింది స్థాయిలో ఉన్నాయి కాబట్టి గడిచిపోయింది. పాట పైకి వెళ్ళగానే అందరి గొంతులూ తడబడ్డాయి. పెట్టె ఒకటి పలుకుతోంది, పాట ఇంకొకటి. ఒక్కొక్కరే ఆగిపోగా, ఆఖరికి హేబ్సిబా ఒక్కతే సరైన శ్రుతిలో పాడుతూ మిగిలింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఆపు!" అని మాస్టరు పెట్టె మూత మీద చరిచాడు. "శ్రుతి ఎక్కడ, నువ్వెక్కడ? నా బిడ్డవై ఉండి గిట్ల పాడుతవా? సిగ్గు లేదా?"

"నేను తప్పు పాడలేదు నాయినా."

"ఏమన్నవ్?"

"నేను తప్పు పాడలేదు! పెట్టె తప్పు!"

"నలభై ఏండ్ల చెవి ఇది! నిన్న పుట్టిన పోరివి, నువ్వు చెప్తవా నాకు? లే! నా బృందంలకెల్లి లేచిపో!"

హేబ్సిబా లేవలేదు. కృపమ్మ ఆమెను వద్దన్నట్టు చూస్తోంది. అప్పుడే, ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చిన అంబమ్మ వీధి తలుపు తోసుకొని లోపలికి వచ్చింది.

చాప మీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారే ముఖాలు ముడుచుకున్నారు. ఒకాయన పళ్ళు గిట్టకరిచాడు, ఒకామె చెవి మీద చెయ్యి పెట్టుకుంది. మాస్టరు వాళ్ళ ముఖాలు చూశాడు. తర్వాత వాళ్ళు చూస్తున్న వైపు చూశాడు. తలుపు ఇంకా మెల్లగా కదులుతోంది.

ఆయన లేచి వెళ్ళి తలుపు మూశాడు. ముఖాలు ముడుచుకున్నాయి. తెరిచాడు. మళ్ళీ ముడుచుకున్నాయి. ఆయనకు మాత్రం తన ఊపిరి కూడా వినిపించడం లేదు. తలుపు బందు మీద వేలు పెట్టి రాశాడు. వేలికి ఎర్రగా తుప్పు పొడి అంటుకుంది. నూనె జిడ్డు లేదు.

"కృపమ్మా," అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది. "నూనె ఏ దినం ఏసినవ్?"

ఆమె గూట్లోని నూనె సీసా వైపు చూసింది.

"గిర్ని బాగు చేయించిండా?"

"లేదు," అంది. అది ఆయనకు వినిపించలేదు. ఆమె పెదవులు చూసి తెలుసుకున్నాడు.

పాడేవాళ్ళు ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కొని వెళ్ళిపోయారు. మాస్టరు పేపరు మీది ఇత్తడి పొడిని చేతిలోకి తీసుకొని కాసేపు చూశాడు. నాయిన పెట్టెను తన చేతులతో తానే పాడు చేశాడు. లోపలి గదిలోకి పోయి మంచం మీద వాలి, గోడవైపు తిరిగాడు.

మర్నాడు లేవలేదు. అన్నం ముట్టలేదు. ఆ మర్నాడూ అంతే. హేబ్సిబా కాళ్ళు పట్టుకొని "నాయినా, తప్పయింది" అని ఏడ్చింది. ఆయన వీపు కదల్లేదు. మూడో రోజు పొద్దున కృపమ్మ జావ గిన్నెతో గుమ్మంలో నిలబడింది. జనవాడ ఇల్లు, మామ వీపు, ఆ జావ గిన్నె, అన్నీ ఆమెకు మళ్ళీ కనబడ్డాయి. భయపడీ భయపడీ విసిగిపోయిందేమో, గిన్నె కింద పెట్టి కొంగు నడుముకు దోపుకుంది.

"హేబ్సీ, మంచం ఆ దిక్కు పట్టు."

"ఎందుకవ్వా?"

"పట్టమంటే పట్టు!"

ఇద్దరూ కలిసి మాస్టరుతో సహా మంచాన్ని బరబరా గది నడిమధ్యకు లాగారు. ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కృపమ్మ ఆయన ముఖం ముందు నిలబడి, పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళలో మొదటిసారి గొంతు చించుకొని అరిచింది.

"ఇగో, గోడ లేదు! ఇప్పుడు ఎటు తిరుగుతరో తిరుగున్రి! చెవి పోతే పోయింది, నేను పోయిన్నా? బిడ్డ పోయిందా? ముప్ఫై అయిదేండ్లు చెంచా సప్పుడు గాకుండ బతికిన. ఇగ నా తోని గాదు! అబద్ధాలు చెప్పిన, అవును చెప్పిన! మీరు మీ నాయిన లెక్క పోతరని భయపడి చెప్పిన!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మాస్టరుకు ఆమె మాటలు ఒక్కటి కూడా పొల్లుపోకుండా వినిపించాయి. రెండు చేతులతో ముఖం కప్పుకొని పసిపిల్లాడిలా ఏడ్చాడు. కృపమ్మ పక్కన కూర్చొని ఆయన తల తన భుజానికి ఆనించుకుంది.

"గిర్ని ఇప్పుడు నడుస్తాందా?" అని అడిగాడు ఆఖరికి.

ఆమె తల ఊపింది.

"ఎట్ల నడుస్తాంది?"

ఆమెకు చెప్పడం రాలేదు. ఆయన ముంజేతి మీద వేళ్ళతో కొట్టి చూపించింది. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్దది, కీచుమన్నచోట గోటి గీత. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"తప్పు. గా రెండోది జర తొందరగ పడాలె. ముప్ఫై ఏండ్లు తిట్టిన దాన్ని, నాకు తెల్వదా?"

ఆమె సరిచేసి కొట్టింది. ఆయన కాలి బొటనవేలు కదలడం మొదలైంది. అంతవరకూ ఆయనకు తెలియని సంగతి అది. తన పాటలన్నీ ఈ తిట్టుకున్న చప్పుళ్ళతో కొట్లాడుతూ పుట్టినవే. నిశ్శబ్దం ఆయనకు ఏమీ ఇవ్వలేదు.

"హేబ్సీ, అయ్యగారి కాగితం తే."

"అది కన్నడం నాయినా."

"ఏదైతేంది బిడ్డా? నాకిప్పుడు అన్ని భాషలూ ఒక్కటే గద," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక హేబ్సిబా కాగితం తెచ్చింది.

పాట పెట్టెలో మిగిలిన కింది సగంలోనే కట్టాడు. పై మెట్లు పెట్టెకూ లేవు, ఆయన చెవికీ లేవు. ఆడవాళ్ళు ఇంత కింది శ్రుతా అని గొణిగారు. ఎప్పుడూ పెదవులు మాత్రమే ఆడించే మగవాళ్ళు ఆ ఏడు గొంతెత్తి పాడారు. వెళ్ళి చూపించుకుంటే పట్నం డాక్టరు మాత్రం చెవి లోపలికి దీపం వేసి చూసి, ఉన్నది కూడా నిలవదనీ, ఏడాదో రెండేళ్ళో అనీ చెప్పాడు.

క్రిస్మస్ పొద్దున హేబ్సిబా హార్మోనియం ముందు కూర్చుంది. మాస్టరు మొదటి బెంచీలో కూర్చున్నాడు. పక్కన కృపమ్మ ఆయన మణికట్టు మీద తాళం వేస్తోంది. నడిమి చరణంలో ఆమె వేళ్ళు ఆగి, గట్టిగా రెండుసార్లు నొక్కాయి. వెనక ఎవరి పిల్లో ఏడుస్తోంది. మాస్టరు మెడ తిప్పి, ఎప్పటిలాగే ఆ తల్లి వైపు గుడ్లురిమి చూశాడు. ఆ తల్లి హడలిపోయింది. కృపమ్మ గుండెలో ఇన్నాళ్ళ బరువు కొంత దిగింది.

బయటికి వచ్చేసరికి ఊరి వైమానిక స్థావరం నుంచి లేచిన విమానం ఒకటి చర్చి మీదుగా పోయింది. అందరూ తలలు ఎత్తారు. మాస్టరు అందరినీ చూసి, ఆ తర్వాత ఎత్తాడు. కృపమ్మ అది గమనించింది. మొన్నటిదాకా ఆ మోత ఆయనకు వినిపించేది.

మర్నాడు పొద్దున ఆయన అరుగు మీద ఛాయ్ గ్లాసుతో కూర్చున్నాడు. ఆమె వీధి తలుపు తీసింది. నూనె సీసా గూట్లోనే ఉంది. నిజంగా వేయనా అని రాత్రే సైగతో అడిగితే ఆయన వద్దన్నాడు. ఇప్పుడు ఆమె వంగి ఆయన చెవిలో గట్టిగా చెప్పింది.

"తలుపు కిర్రుమన్నది!"

మాస్టరు ముఖం చిట్లించాడు.

"థూ! ఇది తలుపా, గొంతు కోస్తున్న కోడా?"

కృపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని, గిర్ని సంగతి చెప్పడానికి ఆయన ముంజేతిని ఒళ్ళోకి తీసుకుంది.